అందరం నిమ్మళంగా ఉందాం

కృపారావు ముప్పై ఒక్క ఏళ్ళు గరివిడి ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారంలో క్రేను నడిపాడు. కరిగిన లోహం నిండిన గంగాళాన్ని ఒకసారి నిద్రపోతున్న పిల్లి పక్కన దించితే, పిల్లి లేవలేదు సరికదా, వెచ్చగా ఉందని అటు ఒత్తిగిలి పడుకుందట. ఆ పిల్లి ఇంకా బతికే ఉందని చెప్పేవాళ్ళు కూడా ఉన్నారు గాని, అంతవరకూ నమ్మనక్కర్లేదు. చేతి నిలకడ మాత్రం నిజం.

రిటైరైన రోజున తోటివాళ్ళు శాలువా కప్పి గోడగడియారం ఇచ్చారు. ఇంట్లో అప్పటికే మూడు గడియారాలు మూడు రకాల టైము చూపిస్తున్నాయి. నాలుగోదాన్ని బీరువా మీద పెట్టి, భార్య జ్ఞానసుందరితో కెమెరా కొంటానన్నాడు. ఇన్నేళ్ళూ మనుషుల్ని పైనుంచి చూశాననీ, తనకి తెలిసినవన్నీ హెల్మెట్లూ భుజాలూ బట్టతలలేననీ, ఇకనుంచి ముఖాలు చూడాలని ఉందనీ ఆయన బాధ. జ్ఞానసుందరి ఊరూరా తిరిగి టీకాలు వేసిన నర్సు. మనిషి బాధ ఎంతవరకు నిజమో చెయ్యి పట్టుకుంటే చెప్పగలదు. సరే కొనుక్కోమంది.

విజయనగరం గంటస్తంభం దగ్గర నగరేశ్వరరావుకి పాత కెమెరాల కొట్టు ఉంది. ఆయన తండ్రి బియ్యం అమ్మాడు, ఆయన కెమెరాలు అమ్ముతాడు. గింజ నోట్లో వేసుకుని చూసిగాని సరుకు ఇవ్వని అలవాటు మాత్రం ఇంటిదే. కృపారావు అద్దాల బీరువాలో ఉన్న కొత్త కెమెరా వైపు చూస్తుంటే, ఆయన కుర్చీలోంచి లేవకుండానే అడిగాడు.

"కొత్తది కొంటే ముట్టుకోడానికి భయమేసి దాసుకుంటావు. పాతది కొంటే ఫోటోలు తీసుకుంటావు. ఏటి కావాలో సెప్పు మావా."

అలా పదేళ్ళనాటి కెమెరా ఒకటి బల్ల మీదికి వచ్చింది. కారు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చూసినట్టు, అది అప్పటిదాకా ఎన్ని ఫోటోలు తీసిందో నగరేశ్వరరావు లెక్క తీసి చూపించాడు. లెన్సులోంచి టార్చిలైటు వేసి బూజు లేదని చూపించాడు. సముద్రపు గాలి తిన్న లెన్సుకి మొదట పట్టేది బూజేనట. చివరికి లోపం కూడా ఆయనే చెప్పాడు. కెమెరా వెనకాల తీసిన ఫోటో కనబడే తెర సగం నల్లబడిపోయింది, మిగతా సగం ఎండలో అసలు కనబడదు. అందుకే అంత చవక. ఆ మిగిలిన డబ్బుతో మంచి లెన్సు కొనుక్కోమని సలహా ఇచ్చాడు. యాభై ఎం.ఎం. లెన్సు, అరచేతిలో ఇమిడిపోయేంత చిన్నది, ఒళ్ళంతా ప్లాస్టిక్కే. కానీ కిటికీలోంచి వచ్చే కాస్త వెలుగుతోనే ముఖాన్ని ముఖంలా చూపిస్తుంది.

"తెర లేపోతే ఇంటికెళ్ళి సూసుకుంటావు. లెన్సు బాగోపోతే ఇంటికెళ్ళి ఏటి సూసుకుంటావు?" అన్నాడు నగరేశ్వరరావు.

కృపారావు రెండూ కొనేశాడు.

విశాఖలో ఉన్న కూతురు షీబా, తను చదువుకునే రోజుల్లో వాడి పడేసిన లాప్‌టాప్‌లో కొత్త మెమరీ వేయించి పంపింది. నెలనెలా అద్దె కట్టే సాఫ్ట్‌వేర్ వద్దని చెప్పి, ఫోటోలు దిద్దుకోడానికి గింప్ అని ఉచితంగా దొరికేది ఒకటి ఎక్కించుకోమంది. కెమెరాలో 'రా' ఫైలు అనే రకం ఎంచుకోమని కూడా ఫోన్లో చెప్పింది. రా అంటే ఎక్కడికి రావాలో కృపారావుకి అర్థం కాలేదు. అది పిలుపు కాదు నాన్నా, పచ్చిది అని అర్థం, మామూలు ఫోటో వండి వడ్డించిన అన్నమైతే ఇది బియ్యమన్నమాట, మనకి కావలసినట్టు వండుకోవచ్చు అని చెప్పింది. ఆ తర్వాత ఆయనకి ఆ వంట పట్టిన వేగం చూసి జ్ఞానసుందరి, ఇదేదో పొయ్యి దగ్గర పట్టుంటే బాగుండేదనుకుంది.

చెమ్మ తగలకుండా కెమెరాని జంతికల డబ్బాలో పెట్టేవాడు. చెప్పుల పెట్టెల్లో దొరికే గుళికల పొట్లాలన్నీ ఏరి దాని చుట్టూ పేర్చేవాడు. జంతికలు మాత్రం ఆరుబయట పళ్ళెంలో ఉండేవి.

"జంతికలు మెత్తబడిపోతన్నాయి, కెమెరా కరకరలాడతన్నాది," అనేది జ్ఞానసుందరి.

రెండేళ్ళలో చెయ్యి తిరిగింది. వీధిలో మేకలు, రైల్వే గేటు దగ్గర తాటిముంజలు అమ్మే మనిషి, నగరేశ్వరరావు భార్య పార్వతీదేవి, అందరి ఫోటోలూ బాగా వచ్చాయి. పార్వతీదేవి తన ఫోటో చూసుకుని, ఇన్నాళ్ళూ అద్దం తనకి అన్యాయం చేసిందని భర్త మీద విసుక్కుంది.

కృపారావు గురించి చెప్పాల్సింది ఇంకొకటుంది. ఆయన గరివిడి బాప్టిస్టు చర్చిలో సంఘపెద్ద. ప్రార్థన నడిపించడం ఆయన పని. "అందరం ఒక్కసారి నిమ్మళంగా ఉందాం," అని నెమ్మదిగా అని తల వంచుతాడు. ఆ గొంతు వినబడగానే ఏడుస్తున్న పిల్ల కూడా ఆపి కళ్ళు మూసుకుంటుంది. చర్చి కప్పు మీద పావురాలు కూడా మూసుకుంటాయంటారు గాని, పైకెక్కి చూసినవాళ్ళు లేరు.

మొన్న వేసవిలో, జ్ఞానసుందరి పుట్టింటివాళ్ళు, తల్లి ఉండే సముద్రపొడ్డు ఊరు భావనపాడులో కలుసుకోవాలని అనుకున్నారు. తల్లి రూతమ్మకి ఎనభై ఆరేళ్ళు. పడవతో వెళ్ళిన భర్త తిరిగి రాకపోతే, ఎండుచేపలు అమ్మి నలుగురు పిల్లల్ని పెంచిన మనిషి. పెద్దవాడు జాన్ పలాసలో రిటైరైన హెడ్మాస్టరు, తర్వాత జ్ఞానసుందరి, ఆ తర్వాత బరంపురంలో ఉండే స్వర్ణ, ఆఖరివాడు రాయగడలో ఉద్యోగం చేసే ఫిన్నీ. నలుగురూ ఒక్కచోట చేరి పదకొండేళ్ళయింది. నలుగురితో కలిసి రూతమ్మ దిగిన ఫోటో ఈ లోకంలో ఒక్కటి కూడా లేదు. మళ్ళీ ఎప్పుడు కలుస్తారో, అప్పటికి ఆమె ఉంటుందో ఉండదో ఎవరికీ తెలియదు.

అందుకని జాన్ టెక్కలి నుంచి స్టూడియో వాళ్ళని పిలిపిస్తానన్నాడు. వాళ్ళకి పైన ఎగిరే కెమెరా కూడా ఉందట. జ్ఞానసుందరి ఫోన్లోనే అడ్డం పడింది.

"మా అమ్మేటి గద్దకి కనబడాల? ఆయన తీస్తాడు. బాగా రాపోతే నన్నడుగు."

జంతికల సంగతి తప్ప కెమెరా గురించి ఎప్పుడూ మాట్లాడని మనిషి అంత మాట అనేసరికి, పక్క గదిలో ఉన్న కృపారావు డబ్బా మూత తీసి, తుడిచిన లెన్సునే మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు.

ఆ రోజు ఎండ కాస్తోంది. కృపారావు అన్నీ ఆలోచించే పెట్టుకున్నాడు. నలుగురినీ అరుగు మీద నీడలో వయసు వరసన కూర్చోబెట్టాడు. రూతమ్మ కుర్చీని వరసకి ఒక చివర, కాస్త వాళ్ళవైపు తిరిగేలా వేశాడు. చేపలు ప్యాక్ చేసే థర్మాకోల్ పెట్టె మూత ఒకటి అడిగి తెచ్చి, ఎండ దాని మీద పడి ముఖాల మీదికి మెత్తగా జారేలా ఎదురుగా ఉన్న గోడకి ఆనించాడు. ముఖాలు వెలిగాయి. ఆ మూతకున్న వాసనకి ఫిన్నీ ఒక్కడే ముక్కు చిట్లించాడు. ఎండుచేపల మీద పెరిగినోడివి, ఇప్పుడేటి కొత్తగా అని స్వర్ణ వాడి డొక్కలో పొడిచింది. అందరూ నవ్వారు. నవ్వు సర్దుకునేదాకా ఆగి, కృపారావు కెమెరా ఎత్తాడు.

"అందరం ఒక్కసారి నిమ్మళంగా ఉందాం," అన్నాడు. అని, కంటికి కెమెరా ఆనించుకోడానికి తల వంచాడు.

ఇరవై మూడు ఫోటోలు తీశాడు, ఒక్కొక్కటిగా, ఊపిరి బిగబట్టి. ఇంత కదలకుండా కూర్చున్న కుటుంబాన్ని తన జన్మలో చూడలేదనుకున్నాడు. కెమెరా కంతలోంచి ముఖాలు చింతగింజలంతే కనబడుతున్నాయి; తలలు కొంచెం వాలినట్టు అనిపించింది గాని, మూత మీంచి పడే వెలుగుకి అనుకున్నాడు. "అయింది," అన్నాడు. "ఆమెన్," అన్నారు నలుగురూ. ఆయన కెమెరా కింద పెట్టేలోపే అన్నాలకి లేచిపోయారు. తెర చూద్దామంటే ఎండలో ఏమీ కనబడలేదు. ఈలోగా బరంపురం వెళ్ళాల్సిన జీపు వీధి మొగలో హారను కొట్టడం మొదలుపెట్టింది. జాన్ మరి ఫోటోకి ఎప్పుడు కూర్చోవాలని అడగలేదు, కృపారావు ఆమెన్ ఎందుకన్నారని అడగలేదు.

మర్నాడు గరివిడిలో లాప్‌టాప్ తెరిచాక సంగతి తెలిసింది. మొదటి ఫోటోలో నలుగురి కళ్ళూ మూసి ఉన్నాయి. రెండోదాంట్లోనూ అంతే. ఇరవై మూడోదాంట్లోనూ అంతే. రూతమ్మ ఒక్కతే కళ్ళు తెరిచి ఉంది, ఆమె కూడా కెమెరా వైపు చూడటం లేదు. వాళ్ళని ప్రార్థనలో ముంచింది తన నోరేనని కృపారావుకి అప్పుడు వెలిగింది.

భార్యకి చెప్పలేదు. రంగులు సరిచేస్తున్నానన్నాడు. గింప్‌లో ఫోటోని ఉల్లిపాయలా పొరలు పొరలుగా పెట్టుకుని, పాత పెళ్ళి ఫోటోల్లోంచి కళ్ళు కోసి తెచ్చి అతికించడం మొదలుపెట్టాడు. పది రోజులు పట్టింది. సాఫ్ట్‌వేర్ ఏ పని చెప్పినా కాదనలేదు, కష్టమల్లా కళ్ళతోనే వచ్చింది. జాన్ ముఖంలో ముప్పై ఏళ్ళ కిందటి పెళ్ళికొడుకు కళ్ళు పడి, మామగారింటి నుంచి స్కూటరు రాలేదని చూస్తున్నట్టుంది. స్వర్ణ కళ్ళు రెండూ రెండు వేర్వేరు పెళ్ళిళ్ళవి. రూతమ్మ చూపుని కెమెరా వైపు తిప్పేసరికి ఆమె రేషను కార్డు ఫోటోలా బిగుసుకుపోయింది.

పదకొండో రోజు జ్ఞానసుందరి వెనకాల వచ్చి నిలబడింది. చాలాసేపు చూసింది.

"ఎవులు ఈల్లు?" అంది.

కృపారావు అంతా చెప్పేశాడు. తల వంచుకునే చెప్పాడు. ఆమె మాట పోగొట్టాననీ, పోయి జాన్ బావ కాళ్ళు పట్టుకుంటాననీ అన్నాడు. ఆమె కుర్చీ లాక్కుని, అసలు ఫోటోలు చూపించమంది. మీట నొక్కుతూ ఒక్కొక్కటే చూసుకుంటూ పోయింది. ఏడో ఫోటో దగ్గర ఆగింది. వెనక్కి వచ్చి మళ్ళీ మొదటి నుంచి చూసింది. ముఖం పెద్దది చేసి చూపించమంది. ఆ చిన్న లెన్సు ఎంత నిక్కచ్చిగా పట్టిందంటే, రూతమ్మ కనుపాపలు ఎటు తిరిగాయో కూడా తెలుస్తోంది.

మొదటి ఫోటోల్లో ఆమె జాన్‌ని చూస్తోంది. ఏడోదాంట్లో జ్ఞానసుందరిని. పన్నెండులో స్వర్ణని. పదహారు నుంచి ఫిన్నీని. మళ్ళీ అక్కడి నుంచి వెనక్కి, ఒక్కొక్కరి దగ్గరా ఆగుకుంటూ, జాన్ దాకా.

"ప్రార్థనలో కళ్ళు తెరిస్తే మొట్టికాయలు మొట్టేది," అంది జ్ఞానసుందరి. "నాను తెరిసినానని ఓపాలి అన్నం పెట్టలేదు. అమ్మ తెరుస్తాదని ఎప్పుడూ తెలీదు. తెలియడానికి మా కళ్ళు మూసుంటాయి కదా."

చీర కొంగు కళ్ళకి అడ్డం పెట్టుకుంది. కృపారావు పెళ్ళిళ్ళ కళ్ళన్నీ మూటగట్టి తుడిచేశాడు. నాలుగు ఫోటోలు ఎంచి, రంగులు మాత్రం కాస్త వెచ్చగా చేసి, నగరేశ్వరరావు కొట్టులో ప్రింటు వేయించాడు. తల్లి ఏ ఫోటోలో ఎవరిని చూస్తోందో ఆ ఫోటో వాళ్ళకి, విషయం రాసి మరీ పంపించారు. రూతమ్మకి మాత్రం నాలుగూ వరసగా ఒకే ఫ్రేములో కట్టించారు.

జాన్ ఫోన్ చేశాడు. కళ్ళు మూసుకుపోయాయేమిటని అడుగుతాడని కృపారావు ఎదురుచూశాడు. జాన్ మాత్రం, "బావా, ఇది గోడంత సైజులో వస్తాదా?" అని అడిగాడు.

ఫ్రేము పట్టుకుని ఇద్దరూ భావనపాడు వెళ్ళారు. రూతమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని, దొరికిపోయిన పిల్లలా నవ్వింది. ఇన్నేళ్ళూ మమ్మల్ని మోసం చేశావని జ్ఞానసుందరి నిలదీసింది.

"మరేటి సెయ్యమంటావు?" అంది రూతమ్మ. "పగలంతా నాను సేపల గంపతో తిరిగేదాన్ని. ఇంటికొస్తే మీరు నలుగురూ నాలుగు దిక్కులు. కళ్ళు మూసుకున్నప్పుడే కదా ఒక్కకాడ కదలకుండా ఉండేవోరు. అప్పుడు సూసుకోపోతే ఇంకెప్పుడు సూసుకుంటాను?"

వేలితో ఒక్కొక్క ముఖాన్నీ తడిమింది. అన్నాలు తిన్నారు. ఆటో వచ్చే వేళకి, బయల్దేరేముందు ఒక మాట ప్రార్థన చెయ్యి అల్లుడా అంది. జ్ఞానసుందరి తల్లి మంచం పక్కన నేల మీద కూర్చుంది. కృపారావు నిలబడి, "అందరం ఒక్కసారి నిమ్మళంగా ఉందాం," అని తల వంచి మొదలుపెట్టాడు.

మధ్యలో, సంఘపెద్ద చెయ్యకూడని పని చేశాడు. ఒక కన్ను కొంచెం తెరిచాడు. జ్ఞానసుందరి కళ్ళు మూసుకుని ఉంది. నెరిసిన ఆమె జుట్టునీ, చెంపనీ, ముడుచుకున్న చేతుల్నీ రూతమ్మ తీరిగ్గా చూసుకుంటోంది.

కృపారావు మళ్ళీ కన్ను మూసుకున్నాడు. ప్రార్థన అయిపోవచ్చింది గాని ఆపలేదు. ఊళ్ళో జబ్బుపడ్డవాళ్ళ పేర్లన్నీ చెప్పాడు, సముద్రం మీదున్న పడవలన్నిటి కోసం అడిగాడు, బయట వచ్చి నిలబడ్డ ఆటో డ్రైవరు కోసం, అతని ఆటో కోసం కూడా అడిగాడు.