చక్రం తలుపు లోపలి బొట్టు

నిన్న ఇక్కడ సింగపూర్ మ్యూజియంలో ఓ పాత బ్రిటిష్ యుద్ధవిమానం చూశాను. నాన్న మెకానిక్‌గా పనిచేసినదే, అదే నంబరు.

ఇక్కడి బ్రిటిష్ ఎయిర్‌బేస్ క్వార్టర్స్‌లో నాతో పెరిగినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ఆయుధపూజ నాడు మన నాన్నలు ఆ విమానాలకీ బొట్టు పెట్టేవారు. కుంకుమ గాలికి నిలవదని ఎర్ర పెయింటుతో పెట్టేవారు, అదీ దొరల కంట పడకుండా గాల్లో చక్రాన్ని మూసే తలుపుకి లోపలివైపు. ఆ పూట నాన్న తినిపించే పులిహోర ముద్ద కూడా పెయింటు వాసనే.

మోకాళ్ళు నొప్పెడుతున్నా వంగి చూశాను. బొట్టు లేదు.

"టచ్ చెయ్యద్దు లా, అంకుల్," అంది గైడు, సింగపూర్ యాసలో. తెలుగమ్మాయే. "లోపలి మరకలు కూడా గీకేసి ఒరిజినల్‌గా చేశాం."

విమానం ముక్కు మీద ఎవరో పైలట్ సరదాకి గీసుకున్న పిల్లిబొమ్మ మాత్రం అలాగే ఉంది.

"మరి దాన్ని గీకలేదేం?"

"అది హిస్టరీ కదా, అంకుల్."