ఎదురుగాలిలో ముందుండేవాడు

ఈ రోజు సాయంత్రం మా మామిడి అంటుమొక్కల కొట్లో పేపరు చదువుతూ నోరు జారాను. స్వతంత్రం వచ్చాక మొదటిసారి వెళ్ళిన లండన్ ఒలింపిక్స్‌లో మన సైకిలు జట్టు ఓడిపోయిందట. "నలుగురు కలిసి తొక్కడం కూడా చేతకాలేదు," అని నవ్వాను. సైకిలు మీద మైలవరానికి అంటుమొక్కలు చేరవేసి వచ్చిన వెంకన్న చెమట తుడుచుకుంటూ అడిగాడు.

"ముందు తొక్కేవాణ్ణి మధ్యమధ్యలో మార్చుకున్నారాండీ?"

"ఎందుకు?"

"గాలంతా ముందోడికే కొడుతుందండీ. పడమటి గాలికి ఎదురెళ్ళేటప్పుడు నేనూ మా తమ్ముడూ వంతులేసుకుంటామండీ. ఇవాళ మీరు నన్నొక్కణ్ణే పంపారు కదండీ."

ఆలస్యంగా వచ్చాడని అతణ్ణి అందరి ముందూ తిట్టి పది నిమిషాలు కూడా కాలేదు. పేపరు మడిచి పక్కన పెట్టాను.

నాకసలు సైకిలెక్కడమే రాదు. వెంకన్నకు ఆ సంగతి తెలుసు, అయినా ఆ మాట ఎత్తలేదు. ఇది చదివే మీరైనా ఎత్తి నన్ను చీవాట్లు పెట్టండి.