మూడు వేళ్ళ మెడ

ఆ రోజుల్లో, అంటే ఇంజనీరింగ్ పూర్తయి ఉద్యోగం రాక రాజమండ్రిలో పిన్ని ఇంట్లో ఉన్న ఏడాదిలో, కాగితం మీద ఉన్నదంతా తెరమీదికి ఎక్కిస్తే లోకం బాగుపడుతుందని నాకు గట్టి నమ్మకం. (ఇప్పుడు పొద్దస్తమానం తెర చూడటమే నా ఉద్యోగం. ఆ నమ్మకం ఎప్పుడు పోయిందో గుర్తులేదు.) పిన్ని ముందుగదిలో జాకెట్లు కుట్టేది. ఆవిడ దగ్గర ఒకే ఫ్యాషన్ పత్రిక పాత సంచికలు ఏడు ఉండేవి. రెండింటికి అట్టల్లేవు, ఒకదాని నిండా కాఫీ మరకలు. నేను లోపాలన్నీ వరుసగా రాసి చూపించి, అదే పత్రిక డిజిటల్ సంచిక తెప్పించి, నా ట్యాబ్ ఆవిడ చేతిలో పెట్టాను. బొమ్మలో పూసకుట్టు పూసలు కూడా లెక్కపెట్టుకోవచ్చని పాఠం చెప్పాను. పిన్ని ఓపిగ్గా విని, చిరగదు కదా, అది చాలంది.

మొదట వచ్చింది పెద్దాపురం పెళ్ళికూతురు. ఉప్పాడ చీర, జాకెట్టు ముక్క చీరతోపాటే నేసింది, పాడైతే మరోటి దొరకదు. ఆ అమ్మాయి ట్యాబ్‌లో ఒక బొమ్మ చూపించింది. నేను దాన్ని పెద్దది చేసి పిన్నికిచ్చాను. ఆవిడ వీపు మెడ లోతుకి తెరమీద వేళ్ళు ఆనించి చూసుకుని, కత్తెర పట్టింది. ఆ పత్రికలో బొమ్మలు ఎప్పుడూ ఒకే కొలతలో వస్తాయనీ, బొమ్మ మీద ఒక వేలంటే గుడ్డ మీద మూడంగుళాలనీ ఆవిడ లెక్క. నాకెవరూ చెప్పలేదు. (నేను అడగనూ లేదు.)

పెళ్ళి నాలుగు రోజులుందనగా అమ్మాయి తొడుక్కుని చూసింది. వాళ్ళమ్మగారు వెనక్కి వెళ్ళి చూశారు.

"బాగానే ఉంది గానండి, వీపు కుట్టడం మర్చిపోయారా?"

పిన్ని ట్యాబ్ తీసి మళ్ళీ కొలిచింది. "మొన్న నాలుగు వేళ్ళుంది కదరా, ఇవాళ మూడే ఉందేంటి? కొత్త ఫ్యాషనేమో అనుకున్నాను."

జూమ్ గురించి చెప్పాను. ఆవిడ తిట్టలేదు. "పుస్తకంలో బొమ్మ పెరగదురా" అని మాత్రం అంది.

తరవాత వాళ్ళమ్మగారిని ఒప్పించి, చీరలో నడుం దగ్గర లోపలికి దోపుకునే కొసనుంచి చిన్న ముక్క కత్తిరించింది. రెండు రోజులు కూర్చుని దాన్ని వీపున అతికి, అతుకు కనబడకుండా చుట్టూ జరీ అంచు వేసింది. అమ్మాయి అద్దంలో వెనక్కి తిరిగి చూసుకుని నవ్వేదాకా నేను గుమ్మం దాటి లోపలికి రాలేదు.

పెళ్ళిలో చూసిన ముగ్గురు అదే మోడల్ కావాలని వచ్చారు. ఏ పుస్తకంలో ఉందండీ అని అడిగితే, పిన్ని సూదిలో దారం ఎక్కిస్తూ, "పుస్తకంలో లేదండి, మావాడి దాంట్లోనే వచ్చింది" అంది.

నేనది మెచ్చుకోలనుకుని, వారం రోజులు గర్వంగా తిరిగాను.