పర్యావరణం కోసం బంద్

దిల్‌సుఖ్‌నగర్ బజారులో షట్టర్లు దించించిన ఘనత నాయకులకే దక్కిందనుకుంటున్నారా? నాకూ దక్కింది. ఎలాగో చెబుతాను. నవ్వితే నవ్వండి, తిడితే మాత్రం మెల్లగా తిట్టండి.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. తెనాలి నుంచి వచ్చి ఆ బజారులోనే ఒక లాడ్జిలో మేనేజరుగా చేరాను. యజమాని యాదగిరిగారిది నల్గొండ వైపు. "సూర్యాపేట పెండ్లోళ్లు లాడ్జి మొత్తం తీసుకున్నరు. గీ పెండ్లి మంచిగ దాటిస్తే నీ నౌకరీ పక్కా" అన్నారు.

పక్కా కావడానికి నోరు మూసుకుని కూర్చుంటే చాలు. నేను కూర్చుంటేనా! అప్పుడే హోటల్ మేనేజర్ల సదస్సుకు వెళ్లొచ్చాను. కోట్లు వేసుకోవడానికి వీలుగా ఏసీలతో హాలంతా గడ్డకట్టించి, ప్లాస్టిక్ సీసాల్లో నీళ్లు తాగుతూ, పర్యావరణం పాడైపోతోందని అందరూ కళ్లు తుడుచుకున్న సభ అది. వాళ్ల దృష్టిలో పర్యావరణాన్ని కాపాడడమంటే అతిథికి తువ్వాలు ఎగ్గొట్టడం. నాకది మహా జ్ఞానంలా తోచింది.

రాగానే గదుల్లో "బయటికెళ్లేటప్పుడు ఏసీ కట్టేయండి" అని కాగితాలు అంటించాను. ఒకాయన కిందికి దిగొచ్చి, "ఏసీని దేనికి కట్టెయ్యాలె? తాడు గూడ మీరే ఇస్తరా?" అన్నాడు.

రిసెప్షన్‌లో కూర్చునే శంకర్ పగలబడి నవ్వాడు. "సార్, ఈడ కట్టెయ్యరు, బంద్ చేస్తరు."

మాట దొరికింది, ఇక ఆగుతానా? పెళ్లివారొచ్చే ఉదయానికి గేటుకు బ్యానరు కట్టించాను: "నేటి నుంచి పర్యావరణం కోసం అనవసరపు లైట్లు, ఏసీలు బంద్". పెయింటరు మహానుభావుడు మొదటి రెండు మాటలూ, చివరి మాటా ఎర్రరంగులో ఏనుగంత రాసి, మధ్యదంతా చీమల బారు చేశాడు.

ఆ రోజుల్లో "నేటి నుంచి బంద్" అని కనబడితే జనం ముందు షట్టరు దించి, తర్వాత కారణం అడిగేవారు. ఎదురుగా బట్టల కొట్టు మూశారు. దాన్ని చూసి మిఠాయి కొట్టు. దాన్ని చూసి వీధంతా. ఇంతలో పెళ్లి బస్సు వచ్చింది.

"అరె, బంద్ ఉన్నదిరా! ఎల్బీనగర్‌ల మా బావోళ్ల ఇంటికి తిప్పు!" అని లోపల్నుంచి కేక.

స్వాగతం చెప్పాల్సిన పూలదండతో బస్సు వెంట పరుగెత్తాను. "బంద్ కాదండీ! పర్యావరణమండీ!"

పెళ్లికొడుకు మేనమామ కిటికీలోంచి తల బయటపెట్టాడు. "గదెవరి పార్టీ?"

బస్సు వెళ్లిపోయింది. యాదగిరిగారి ఫోను వచ్చింది.

"ఏందయ్యా మేనేజరూ, బజారంత బంద్ అట గద. పిలుపెవరిచ్చిండ్రు?"

"నేనేనండీ."

"అయితే నీ నౌకరీ గూడ బంద్."

ఆ రోజు మా లాడ్జిలో ఒక్క ఏసీ నడవలేదు, ఒక్క తువ్వాలు తడవలేదు. సదస్సు పెద్దలంతా కలగన్న హోటలు అదే, అతిథులే లేరు. అప్పటి నుంచి దీక్ష పట్టాను, ప్రాణం పోయినా ఆ బ్యానరు చివరి మాట నా నోట రాదు. ఇంట్లో ఫ్యాను ఆపమనాలన్నా దానివైపు వేలు చూపించి దండం పెడతాను.