నల్లబడిన కాలు

2005. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం వచ్చి ఇంకా ఐదేళ్ళు నిండలేదు. భిలాయిలో ఓ ఆసుపత్రి సర్జికల్ వార్డులో నేను స్టాఫ్ నర్సుని. తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే ఖుర్సీపార్ బస్తీ నుంచి వచ్చే మనవాళ్ళు నా నోట తెలుగు వినగానే సగం జబ్బు తగ్గినట్టు లేచి కూర్చునేవారు.

అప్పారావు మాత్రం లేవలేదు. స్టీల్ ప్లాంటులో క్రేన్ ఆపరేటర్, షుగర్ ఉన్న మనిషి. పాదం మీద చిన్న గీరు చీము పట్టి పిక్క దాకా పాకింది. నెక్రోటైజింగ్ ఫేషియైటిస్ అంటారు, చర్మం కిందిపొరలు కుళ్ళిపోతూ పైకి పాకే ఇన్ఫెక్షన్. ఆపరేషన్‌లో కుళ్ళినదంతా తీసేశాక సర్జన్‌గారు దాచకుండా చెప్పారు. "మళ్ళీ నలుపు కనిపిస్తే కాలు తీసేయాలి. లేదంటే ప్రాణానికే ముప్పు."

గాయం శుభ్రపడ్డాక ఆయన మా వార్డుకే కొత్తయిన వైద్యం మొదలుపెట్టారు, నెగెటివ్ ప్రెషర్ థెరపీ. గాయంలో ఫోమ్ పేర్చి, పైన పల్చటి ప్లాస్టిక్ ఫిల్మ్ అతికించి, గొట్టంతో సక్షన్ మెషిన్‌కి కలుపుతారు. మెషిన్ ఆన్ చెయ్యగానే ఫోమ్ గాయానికి కరుచుకుపోయింది, మురికినీరు గొట్టంలోకి పరుగెత్తింది. ఎప్పుడూ చూడనిది కళ్ళముందు జరుగుతుంటే ఆ గొట్టం మీంచి చూపు తిప్పుకోలేకపోయాను.

సాయంత్రం అతని భార్య వరలక్ష్మి దుప్పటి ఎత్తి చూసి, అక్కడే కూలబడిపోయింది.

"మళ్ళీ నల్లగైపోనాది సిస్టరమ్మా. కాలు తీసీస్తారేటి?"

అప్పుడు వెలిగింది నాకు. ఆ ఫోమ్ నల్లది. మిగిలిన ముక్క తెచ్చి ఆమె చేతిలో పెట్టాను.

"నల్లగా కనబడుతున్నది ఇదమ్మా."

నొక్కి చూసింది. "ఏటి, స్పంజా?"

"స్పంజే."

ఏడుస్తూనే నవ్వింది. అప్పారావు మాత్రం నమ్మలేదు. "ఝూట్‌మూట్ ధైర్యం సెప్పకు దీదీ," అని మొహం తిప్పేసుకున్నాడు.

డ్రెస్సింగ్ మార్చేరోజు అతను కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఫోమ్ తడిపి మెల్లగా లేపాను. కింద ఎర్రటి కొత్త కండ, దానిమ్మ గింజలు పరిచినట్టు. దాన్నే గ్రాన్యులేషన్ అంటాం, గాయం మానుతోందనడానికి గుర్తు. ఎంత సంతోషమంటే, నర్సునన్న సంగతి మరిచి వార్డంతా వినబడేలా డాక్టరుగారిని కేకేశాను.

"బావా, ఇటు సూడు," అంది వరలక్ష్మి. "ఎర్రగుంది."

కళ్ళు తెరిచి చూశాడు. "ఇది నా కాలేనా?" అన్నాడు.

తర్వాత చర్మం అతికించారు. ఆ కాలితోనే నడిచి ఇంటికెళ్ళాడు. అప్పటినుంచి ఏ కొత్త పరికరం పెట్టినా ముందు ఇంటివాళ్ళకి చూపించి, ఎలా కనబడుతుందో చెబుతాను. మేం చేసే వైద్యమే వాళ్ళ కంటికి జబ్బులా కనబడొచ్చని నాకు నేర్పింది వరలక్ష్మి.