చర్చి గోడలోని రాయి

స్విండన్‌లో ఆఫీసుకి దగ్గరని ఇంగ్లండులోని ఈ చిన్న ఊళ్లో ఇల్లు తీసుకున్నాం. గట్టిగా అరవై ఇళ్లు ఉండవు. ఒక చర్చి, ఒక పబ్, రోజుకి నాలుగు బస్సులు. మొదటి ఏడాదంతా హలో తప్ప ఎవరితోనూ పెద్దగా మాట్లాడింది లేదు. ఊరి చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాళ్లు నెలకోసారి కలుస్తారని విలేజ్ హాల్ తలుపు మీద కాగితం చూసి, మా పాపను వెంటబెట్టుకుని వెళ్లాను.

వాళ్లకు పెద్దదిక్కు ఒక రిటైరైన స్కూలు మాస్టారు. ఆయన మమ్మల్ని చర్చి ప్రహరీ దగ్గరికి నడిపించి, గోడలో ఉన్న పెద్ద రాయిని, దాని పక్కన తాను రాసిన పాత బోర్డును చూపించారు. దాని అంచున వేలు పట్టేంత గాడులు ఏడెనిమిది ఉన్నాయి.

"పూర్వం యుద్ధానికి వెళ్లే విలుకాళ్లు ఇక్కడే బాణాలు నూరుకునేవాళ్లు," అన్నారు.

నేను ఒక గాడిలో వేలు పెట్టి చూశాను. నున్నగా జారింది.

"ఇవి బాణాలవి కావండీ. బావి తాడు ఒరుసుకుని పడ్డవి," అనేశాను. అందరూ నా వైపు తిరిగారు.

మాది అనంతపురం జిల్లా. మా పెరటి బావి గిలక విరిగిపోతే, కొత్తది పెట్టించక ఏళ్ల తరబడి రాతి అంచు మీదనుంచే చేంతాడు లాగేవాళ్లం. మా అవ్వ నిలబడి నీళ్లు చేదే చోట రాయి అచ్చం ఇలాగే అరిగిపోయింది. ఇనుము నూరితే గరుకుగా ఉంటుంది, తాడైతే ఇలా గుండ్రంగా, ఒక అంచునే అరుగుతుంది అని చెప్పాను.

మాస్టారి ముఖం ఎర్రబడింది. "నలభై ఏళ్లు పిల్లలకి బాణాల కథే చెప్పాను," అన్నారు. వచ్చీరాగానే పెద్దాయన్ని నొప్పించానే అని నాకు మూడు వారాలు మనసు మనసులో లేదు.

ఒక శనివారం పొద్దున ఆయనే వానలో తడుస్తూ మా ఇంటికొచ్చారు. కోటు లోపలినుంచి పాత మ్యాపు కాపీ తీసి బల్ల మీద పరిచారు. చర్చి పక్కనే చిన్న సున్నా, దాని పక్కన 'బావి' అని రాసి ఉంది.

"మీరు చెప్పిందే నిజం. బావి పూడ్చాక దాని అంచురాయిని ఈ గోడలో పెట్టి కట్టేసినట్టున్నారు."

"మీ కథ పోయిందే, బాధగా లేదా?" అన్నాను, టీ ఇస్తూ.

"విలుకాళ్లు ఒకరోజు వచ్చి పోయేవాళ్లు. నీళ్లు మోసిన ఆడవాళ్లు తరతరాలు ఇక్కడే బతికారు. వాళ్ల గురించి నేను ఒక్క ముక్క రాయలేదు. కొత్త బోర్డు పెట్టిస్తాం, దాని మీద మీరు రాయండి."

ఊరి పంచాయతీ లాంటి పారిష్ కౌన్సిల్ కొత్త బోర్డు పెట్టించింది. దాని మీద ఉన్న నాలుగు వాక్యాలూ నావే. తెలుగులో అడిగినా ఇంగ్లీషులోనే బదులిచ్చే మా పాప, దారిన పోయే వాళ్లను ఆపి మరీ, "మై మమ్ రోట్ దట్," అని చెప్పింది. నాకు కళ్లు చెమర్చాయి.

తర్వాతి వారం మాస్టారు స్కూలు పిల్లల్ని తీసుకొచ్చారు. ఇన్నేళ్లూ తప్పు చెప్పానని వాళ్ల ముందే ఒప్పుకుని, నన్ను ముందుకు పిలిచారు. తాడు ఎలా పట్టాలో, కాలు ఎక్కడ ఆనించాలో చేసి చూపించాను. ఇరవైమంది పిల్లలు గోడ ముందు వరసగా నిలబడి, లేని తాడును బలంకొద్దీ లాగారు.