గంధం పట్టిన స్విచ్చి

చెట్టికరై రోడ్డులోని షెడ్డు ముందు ఏ కారు ఆగినా, మునియప్ప పెదనాన్న ముందు కళ్లు మూసుకుని ఇంజన్ వింటాడు. నలభై ఏళ్లుగా కార్ల వైరింగ్ పని చేస్తున్న మనిషికి అది అలవాటు. కానీ ఆ బుధవారం పాత మోరిస్ మైనర్ తాడు కట్టి లాక్కొస్తే వచ్చింది. వినడానికి అందులో చప్పుడే లేదు.

కారు వేరుశనగ నూనె వ్యాపారి వాసుదేవన్‌ది. తాళంచెవి విరిగి సగం స్విచ్చిలోనే ఇరుక్కుపోయింది. డ్రైవరు తంగవేల్ మొరటుగా తిప్పి విరగ్గొట్టాడని వాసుదేవన్ నమ్మకం. నెలాఖరుకు మానెయ్యమని చెప్పేశాడు కూడా. పదకొండేళ్లుగా ఆ ఇంట్లో బండి నడుపుతున్న తంగవేల్ షెడ్డు బయటే నిలబడ్డాడు.

“దినమూ తిప్పినట్లే తిప్పినాను అన్నా,” అన్నాడు మెల్లగా.

“స్విచ్చి బయటికి రానీ, చూస్తాము,” అన్నాడు పెదనాన్న.

వాసుదేవన్ ముందే ఒక అంబాసిడర్ స్విచ్చి కొని పంపాడు. అది పనికిరాలేదు. ఈ కారులో ఇంజన్‌కూ దీపాలకూ కలిపి ఒకటే స్విచ్చి. నడుమ తాళంచెవి, దాని చుట్టూ దీపాల కోసం తిప్పే పిడి. పైన గంధం, కుంకుమ పొరలు పొరలుగా గట్టిపడి ఉన్నాయి. పూజ బొట్టు తుడిస్తే అపచారమని ఎవరూ ముట్టలేదు. పెదనాన్న దండం పెట్టుకుని కిరోసిన్ గుడ్డతో తుడిచాడు. కింద ఎస్, హెచ్ అనే అక్షరాలు కనిపించాయి.

“సైడు లైటు, హెడ్ లైటు. ఇట్లాంటిదే పెరియంపట్టి ఊర్లో ఇంగ్లండు నుంచి వచ్చిన ఒక సీమ ట్రాక్టరుకు ఉండె.”

మరునాడు బస్సెక్కి వెళ్లి, మూలపడి ఉన్న ఆ ట్రాక్టరు నుంచి స్విచ్చిని తాళంచెవితో సహా విప్పుకొచ్చాడు. బిగించే ముందు పాతదాన్ని విడదీసి చూశాడు. తాళంచెవి దూరే గొట్టం నిండా ఎండిన గంధం. లోపలి ఇత్తడి చిలుము పట్టి పచ్చగా ఉంది.

పెదనాన్న ఆ గంధం పెళ్లను వేళ్ల మధ్య నలిపాడు. ప్రతి ఆయుధపూజకూ వాసుదేవన్ ఇంటివాళ్లు ఆయన్నే పిలిచేవారు. కారుకు వైర్లు వేసిన చేత్తోనే బొట్టు పెట్టించేవారు. బండి ప్రాణం అక్కడే ఉందని, తాళం కన్నం దగ్గర గంధం కాస్త ఎక్కువే అద్దేవాడు. అలా ముప్పై ఏళ్లు.

సాయంత్రం ఈ సంగతి విని పెద్దమ్మ సౌభాగ్యం చేతిలో గరిటె ఆపింది. “పాతదాన్ని పాత ఇనుమువానికి వేసేయ్. చెప్పితే నీ ముప్పై ఏండ్ల పేరు గంధం నీళ్లలో పోతుంది.”

“తంగవేల్ పని పోతుంది కదే.”

“ఇంకో పని దొరుకుతుందిలే.”

“దొరుకుతుంది. మొరటోడనే పేరు వానికంటే ముందే పోయి అక్కడ కూర్చోనుంటుంది.”

ఆ రాత్రి పెద్దమ్మ వండిన పప్పులో కొంచెం ఉప్పు ఎక్కువైంది, అంతే.

శుక్రవారం పొద్దున వాసుదేవన్ వచ్చాడు, వెనకే తంగవేల్. పెదనాన్న తాళంచెవి తిప్పి స్టార్టర్ పిడి లాగాడు. రెండోసారికి ఇంజన్ అందుకుంది. వాసుదేవన్ ముఖం వెలిగిపోయింది. అప్పుడు పెదనాన్న పాత స్విచ్చిని ఆయన అరచేతిలో పెట్టాడు.

“ఇది చూడు సామీ. విరగ్గొట్టింది తంగవేల్ కాదు, నేను. ఏడాదికి ఒక బొట్టు లెక్కన.”

వాసుదేవన్ గొట్టాన్ని గోటితో గీకి వాసన చూశాడు. “దేవునికి పెట్టింది కదా అన్నా. దాన్ని తప్పంటే ఎట్లా?”

“దేవునికి పెట్టింది తప్పు కాదు సామీ. ఆ నేరం తంగవేల్ మీద వేసింది తప్పు.”

వాసుదేవన్ తంగవేల్ వైపు తిరిగాడు. “నువ్వైనా గట్టిగా చెప్పి ఉండొచ్చు కదరా?”

“నేను విరగ్గొట్టలేదని నాలుగు తూర్లు చెప్పినాను అయ్యా.”

వాసుదేవన్ డ్రైవరు వైపు తలుపు తీసి, దాన్ని అలాగే వదిలి, చుట్టూ తిరిగి వచ్చి పక్క సీటులో కూర్చున్నాడు. తంగవేల్ వెంటనే ఎక్కలేదు. భుజం మీది తువ్వాలు తీసి ఒక్కొక్క వేలూ తుడుచుకున్నాడు. వాసుదేవన్ తొందరపెట్టలేదు.